స్కూల్ గవర్నర్‌గా కేర్‌లో ఉన్న పిల్లల బాధ్యత నాకిచ్చారు, ఏం అడగాలో చెప్పండి

రెడింగ్_రవి · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో స్కూల్ గవర్నర్లుగా (బడి పాలన చూసే బోర్డు సభ్యులుగా) చేస్తున్నవాళ్లు మనలో కొందరున్నారని తెలుసు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మా పాప చదివే ప్రైమరీ స్కూల్లో ఈ మధ్యే పేరెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యాను. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) స్కూలు, దాని చేతిలో లేకుండా నడిచే అకాడమీ కాదు. మొన్నటి మీటింగ్‌లో "కేర్‌లో ఉన్న పిల్లలకి లింక్ గవర్నర్‌గా ఎవరుంటారు" అని చైర్ అడగ్గానే అందరూ కాగితాల్లో తల దూర్చేశారు. కొత్తవాణ్ణి దొరికాను, నా పేరు రాసేసుకున్నారు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. సోషల్ వర్కర్లని టీవీలో చూడటమే తప్ప ఎప్పుడూ మాట్లాడింది లేదు. కోర్టు ఆర్డరు మీదో తల్లిదండ్రులు ఒప్పుకునో కౌన్సిల్ తన సంరక్షణలోకి తీసుకున్న పిల్లలు, ఫోస్టర్ ఇళ్లలోనో (కౌన్సిల్ తరఫున పిల్లల్ని తమ ఇంట్లో పెంచేవాళ్ల దగ్గర) చిల్డ్రన్స్ హోమ్‌లోనో ఉంటారు, నాకు తెలిసింది అంతే. మా స్కూల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారట. "అంతా బాగానే ఉంది, అందరూ సెటిల్ అయ్యారు" అని హెడ్ టీచర్ ఒక్క ముక్కలో చెప్పారు, క్లర్క్ రాసుకున్నారు, వెంటనే కారు పార్కింగ్ గొడవలోకి వెళ్లిపోయాం.

ఇంతకీ నేను చేయాల్సిందేంటి? ఆ పిల్లల్ని కలవాలా? వాళ్లెవరో నాకు చెప్తారా? కౌన్సిల్ వాళ్ల ట్రైనింగ్ స్లైడ్లు చూశాను, నిండా చట్టాల పేర్లే.

లెస్టర్_సుజాత · సోమవారం రాత్రి 10:25

రవి గారూ, నేను సెకండరీ టీచర్‌ని, మా స్కూల్లో డెజిగ్నేటెడ్ టీచర్‌ని కూడా, కేర్‌లో ఉన్న పిల్లల చదువు చూసుకునే బాధ్యత నాది. అంటే మీలాంటి గవర్నర్ వచ్చి కూర్చుంటే ఎదురుగా జవాబు చెప్పేది నేనే.

మీ చివరి ప్రశ్న ముందు తేల్చేస్తా. పిల్లలెవరో మీకు చెప్పరు, మీరు అడగనూ కూడదు. మీరు పేరెంట్ గవర్నర్, మీ పాప క్లాసులోనే ఆ పిల్లల్లో ఒకరు ఉండొచ్చు. ఇద్దరు ముగ్గురే ఉన్న చోట "ఇయర్ 4లో ఒక అబ్బాయి" అని మినిట్స్‌లో పడినా చాలు, సాయంత్రం గేటు దగ్గర ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది. మీరు కలవాల్సింది పిల్లల్ని కాదు, డెజిగ్నేటెడ్ టీచర్‌ని.

2008 నాటి చట్టం ప్రకారం ఆ టీచర్‌ని నియమించాల్సింది గవర్నింగ్ బాడీ. హెడ్ కాదండీ, మీరే. అర్హత పొందిన టీచరే అయి ఉండాలి, ఆఫీసు సిబ్బందిలో ఎవరికో అంటగట్టడానికి లేదు. 2017 చట్టం తర్వాత ఇది అకాడమీలకీ వచ్చింది, కేర్ నుంచి దత్తతకి వెళ్లిన పిల్లలు, కోర్టు నియమించిన స్పెషల్ గార్డియన్ దగ్గర పెరిగే పిల్లలు కూడా ఇందులో చేరారు. ఆ టీచరు ఏడాదికి ఒక్కసారైనా గవర్నర్లకి రిపోర్టు ఇవ్వాలి. మీ స్కూల్లో చివరి రిపోర్టు ఎప్పుడిచ్చారో ముందు అది తెప్పించి చదవండి. అసలు ఉందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

నా వరకూ గవర్నర్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే, ఈ పనికి నీకు టైమ్‌టేబుల్లో ఎంత టైమ్ ఇచ్చారు అని. ఇదివరకు పనిచేసిన స్కూల్లో నాకు సున్నా. ఒక చేత్తో శాండ్‌విచ్, ఇంకో చేత్తో పీఈపీ ఫారాలు. పీఈపీ అంటే పర్సనల్ ఎడ్యుకేషన్ ప్లాన్, కేర్‌లో ఉన్న ప్రతి పిల్లకీ ఉంటుంది, టర్మ్‌కొకసారి తిరిగి చూడాలి, కొత్తగా కేర్‌లోకి వచ్చిన పిల్లకైతే పది పనిదినాల్లోపు మొదలవ్వాలి. టైమ్ లేకుండా రాస్తే అందులో ఏముంటుందంటే "లెక్కల్లో మెరుగుపడాలి". ఏ పిల్లకైనా అతికించొచ్చు కదా ఆ వాక్యం! టైమ్ ఉండి రాస్తే "7, 8 ఎక్కాల దగ్గర తడబడుతోంది, మంగళవారం, గురువారం రిజిస్ట్రేషన్ టైమ్‌లో ఇరవై నిమిషాలు ఫలానా టీచింగ్ అసిస్టెంట్‌తో, ఈస్టర్‌కి మళ్లీ చూద్దాం" అని ఉంటుంది. పిల్లల పీఈపీలు మీకు చూపించరు, కానీ ఎన్ని గడువులోపు పూర్తయ్యాయి, వాటి నాణ్యత గురించి కౌన్సిల్ వర్చువల్ స్కూల్ (కేర్ పిల్లల చదువు చూసే కౌన్సిల్ విభాగం) ఏమంది అని అడగొచ్చు.

క్రాయిడన్_కామేశం · మంగళవారం ఉదయం 7:15

అందరికీ నచ్చకపోవచ్చు, అయినా అంటాను. నేను చాలా ఏళ్లుగా గవర్నర్‌ని. మా పని దిశ చూపించడం, బడ్జెట్ చూడటం, హెడ్‌ని జవాబుదారీగా నిలబెట్టడం. రోజువారీ పనుల్లో వేలు పెట్టడం కాదు. నాలుగొందల మందిలో ముగ్గురు పిల్లల కోసం ఒక లింక్ గవర్నర్, ఒక విజిట్, ఒక రిపోర్టు. స్పెషల్ నీడ్స్ పిల్లలు వాళ్లకి ఇరవై రెట్లున్నారు, అసెస్‌మెంట్ కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. బడ్జెట్ లోటులో ఉంది. ప్రతి గుంపుకీ ఒక గవర్నర్‌ని తగిలిస్తూ పోతే చివరికి మిగిలేవి విజిట్ రిపోర్టులే. ఆ పిల్లలకి సోషల్ వర్కర్ ఉన్నారు, వాళ్ల సంరక్షణ ప్లాన్‌ని తిరిగి చూసే రివ్యూయింగ్ ఆఫీసర్ ఉన్నారు, వర్చువల్ స్కూల్ ఉంది, ఫోస్టర్ కేరర్ ఉన్నారు. ఇంకా నేనెందుకు?

మిల్టన్‌కీన్స్_పద్మ · మంగళవారం మధ్యాహ్నం 1:05

కామేశం గారూ, అందులో ఆ చివర ఉన్న ఫోస్టర్ కేరర్‌ని నేనే. ఇంతమంది ఉన్నారని మీరు చెప్పింది నిజమే, చిక్కంతా అక్కడే. ప్రతివాళ్లూ ఇంకొకరు చూసుకుంటున్నారనుకుంటారు. మీ అబ్బాయికి లెక్కల టీచర్ ఆర్నెల్లుగా లేకపోతే మీరు ఆ సాయంత్రమే మెయిల్ కొడతారు, అవసరమైతే వెళ్లి నిలదీస్తారు. నా దగ్గరున్న బాబు విషయంలో నేను మెయిల్ పెడితే "సోషల్ వర్కర్‌తో మాట్లాడతాం" అంటారు. ఆ సోషల్ వర్కర్ మారిపోయి ఉంటుంది, కొత్తావిడకి ఫైలు ఇంకా అందలేదు.

ఒక్కటి చెప్తాను. బడిలో నాలుగు రోజుల క్యాంపు. చీటీ తెచ్చాడు, రాత్రంతా దాని గురించే, టార్చ్‌లైట్ కావాలి, స్లీపింగ్ బ్యాగ్ కావాలి అని. నేను సంతకం పెట్టి పంపా. "మీ సంతకం చెల్లదు, కౌన్సిల్ నుంచి రావాలి" అని వెనక్కి. కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే మేనేజర్ సెలవులో ఉన్నారు. సంతకం వచ్చేసరికి సీట్లు నిండిపోయాయి. స్నేహితులు అడిగితే వాడు చెప్పిన జవాబేంటో తెలుసా, "నాకు క్యాంపింగ్ ఇష్టం లేదు" అన్నాడట. నిజానికి మామూలు ట్రిప్పులకి సంతకం పెట్టే అధికారం ఫోస్టర్ కేరర్‌కి ముందే రాసిచ్చే పద్ధతి ఉంది, డెలిగేటెడ్ అథారిటీ అంటారు. మా ఇంట్లో ఆ కాగితం ఉంది. బడిలో ఎవరూ అడగలేదు, ఎక్కడా ఎక్కించుకోలేదు.

ఇంకోటి, సోషల్ వర్కర్ మెడలో కౌన్సిల్ బిళ్ల వేలాడేసుకుని రిసెప్షన్లో కూర్చుంటుంది. క్లాసులోకి మనిషిని పంపి అందరి ముందు పేరు పెట్టి పిలుస్తారు. తిరిగొచ్చాక పిల్లలు ఊరుకుంటారా, "ఎవరామె" అని మొదలు. "మా ఆంటీ" అని చెప్తాడు. ఎంతమంది ఆంటీలుంటారు పాపం వాడికి.

క్రాయిడన్_కామేశం · మంగళవారం సాయంత్రం 6:30

పద్మ గారూ, చదివి బాధేసింది. కానీ నా మాట మీదే ఉన్నాను, ఇది ఆఫీసువాళ్లు సరిచేయాల్సిన పని. గవర్నర్ వెళ్లి "ఆ బాబు సంతకం ఏమైంది" అంటే నేనే ముందు తప్పుపడతాను.

లెస్టర్_సుజాత · మంగళవారం సాయంత్రం 7:10

ఆ బాబు గురించి అడగొద్దు. "కేర్‌లో ఉన్న ప్రతి పిల్లకీ డెలిగేటెడ్ అథారిటీ కాగితం మన రికార్డులో ఉందా, లేదా" అని అడగండి. ఇది పద్ధతి గురించి ప్రశ్న, ఏ పిల్ల పేరూ అక్కర్లేదు, గవర్నర్ అడిగితే హెడ్ జవాబు చెప్పి తీరాలి. అలాగే "సోషల్ వర్కర్ మీటింగుల వల్ల ఈ పిల్లలు ఏ పాఠాలు పోగొట్టుకుంటున్నారు" అనండి. మా స్కూల్లో ఒక గవర్నర్ సరిగ్గా ఇదే అడిగారు. చూస్తే మీటింగులన్నీ అందరికీ అనుకూలమని ఉదయం పదిన్నరకి పెడుతున్నారు, అది కోర్ సబ్జెక్టుల టైమ్. ఇప్పుడు పాఠాలయ్యాకే. ప్రశ్న అడగడానికి ఆయనకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు కామేశం గారూ.

బర్మింగ్‌హామ్_లెక్కలాయన · మంగళవారం రాత్రి 9:50

డబ్బు గురించి ఎవరూ ఎత్తలేదేంటి? నేను ఫైనాన్స్ కమిటీలో ఉంటాను, కాబట్టి నాకు ముందు గుర్తొచ్చేది అదే.

కేర్‌లో ఉన్న పిల్లలకి ప్యూపిల్ ప్రీమియం ప్లస్ అని వస్తుంది, 2025-26లో పిల్లకి ఏడాదికి 2,630 పౌండ్లు. మామూలు ప్యూపిల్ ప్రీమియం (పేద పిల్లల కోసం స్కూళ్లకిచ్చే అదనపు సొమ్ము) ప్రైమరీకి 1,515, సెకండరీకి 1,075, అంటే ఇది చాలా ఎక్కువ. కానీ ఈ డబ్బు నేరుగా స్కూలు ఖాతాలో పడదు. కౌన్సిల్‌లో వర్చువల్ స్కూల్ హెడ్ చేతిలో ఉంటుంది. వర్చువల్ స్కూల్ అంటే ఆన్‌లైన్ బడి అనుకునేరు, కాదు. ఆ కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లలంతా, ఏ ఊళ్లో ఏ బడిలో చదువుతున్నా సరే, ఒకే బడి పిల్లలైతే ఎలా చూస్తామో అలా చూడమని పెట్టిన పదవి. 2014 చట్టంతో ప్రతి కౌన్సిల్‌కీ తప్పనిసరి చేశారు. పీఈపీలో ఆ పిల్లకి ఫలానాది కావాలని రాసి ఉంటే దాన్నిబట్టి డబ్బు విడుదల చేస్తారు, ఎంత ఇవ్వాలి ఎలా ఇవ్వాలి అన్నది ఒక్కో కౌన్సిల్‌కి ఒక్కో పద్ధతి.

అందువల్ల పీఈపీ మొక్కుబడిగా రాస్తే డబ్బూ మొక్కుబడిగానే ఖర్చవుతుంది. నేను చూసిన ఒక లెక్కలో "వెల్‌బీయింగ్ సపోర్ట్" అని ఒకే లైను, దానికి ఎదురుగా మొత్తం సొమ్ము. ఏంటది అని అడిగితే లంచ్ టైమ్ క్లబ్బు, స్కూల్లో ఎవరైనా రావచ్చు. క్లబ్బు మంచిదే, కాదనను. ఈ డబ్బు దానికి కాదు కదా.

మీ స్కూల్లో చదివే కేర్ పిల్లలందరూ మీ కౌన్సిల్ పిల్లలే కానక్కర్లేదు, అది కూడా గుర్తుపెట్టుకోండి రవీ. కెంట్‌లో ఫోస్టర్ ఇంట్లో ఉన్న పాప లండన్‌లోని ఒక బరో (అక్కడి కౌన్సిల్) పాప కావచ్చు. అప్పుడు ఆ బరో వర్చువల్ స్కూల్‌తో వ్యవహారం, వాళ్ల ఫారం వేరు, గడువు వేరు. మీ డెజిగ్నేటెడ్ టీచర్‌కి ముగ్గురు పిల్లలు మూడు కౌన్సిళ్ల నుంచి ఉంటే పని మూడింతలవుతుంది. ముగ్గురే కదా అనుకోవడానికి లేదు.

రెడింగ్_రవి · బుధవారం ఉదయం 8:20

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. చదువుతుంటే టెన్షన్ తగ్గాల్సింది పోయి పెరిగింది. ఒక సందేహం. ఫలితాలు చూడమని ట్రైనింగ్‌లో చెప్పారు. ఇద్దరు ముగ్గురి మార్కులకి శాతాలేంటి? 50 శాతం మంది ముందుకెళ్లారంటే ఒకరు వెళ్లారు, ఒకరు వెళ్లలేదు అని.

లెస్టర్_సుజాత · బుధవారం మధ్యాహ్నం 12:40

శాతాలు వదిలేయండి, అలాంటి చోట వాటికి అర్థం లేదు, పైగా పిల్లలెవరో బయటపడతారు. అయిదేళ్లు కలిపి చూడమనండి, లేదా "ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చారు" అని మాటల్లో చెప్పమనండి. దేశం మొత్తం మీద చూస్తే ఇంగ్లండ్‌లో ఎనభై వేలకి పైగా పిల్లలు కేర్‌లో ఉన్నారు. పదహారేళ్లకి రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో వాళ్ల సగటు స్కోరు మొత్తం పిల్లల సగటులో సగం కూడా ఉండదు. వీళ్లలో సగం మందికి పైగా స్పెషల్ నీడ్స్ ఉన్నవాళ్లు, కామేశం గారు రెండు గుంపులుగా చెప్పారు గానీ చాలావరకు అదే పిల్లలు. చిన్నప్పుడు ఇల్లు మారి, ఊరు మారి, మధ్యలో నెలల చదువు ఎగిరిపోయి వచ్చినవాళ్లు. తెలివి తక్కువై కాదు.

నాటింగ్‌హామ్_వాసు · బుధవారం రాత్రి 10:15

కామేశం అన్నా, గవర్నరెందుకు అన్నావు కదా. బడి నుంచి పిల్లల్ని తీసేసిన కేసులు చూసే ఎక్స్‌క్లూజన్ ప్యానెల్‌లో ఎప్పుడైనా కూర్చున్నావా? అక్కడ తప్పించుకోవడానికి లేదు, పర్మనెంట్ ఎక్స్‌క్లూజన్ ఏదైనా సరే 15 స్కూల్ దినాల్లోపు గవర్నర్లు కూర్చుని చూడాల్సిందే, పిల్లాణ్ణి వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది మన చేతిలోనే ఉంటుంది.

వివరాలు మార్చి చెప్తాను. ఇయర్ 9 అబ్బాయి. కుర్చీ విసిరాడు, టీచర్‌ని బూతులు తిట్టాడు. మాకు వచ్చిన ఫైలు ఇంత లావు, ప్రతి గొడవకీ తేదీ, టైము, ఎవరు చూశారు, అన్నీ పక్కాగా ఉన్నాయి. చదువుకుంటూ పోతే నవంబర్ దాకా దాదాపు ఏమీ లేదు, అక్కణ్ణుంచి వారానికి రెండు మూడు. నవంబర్‌లో ఏమైంది అని మాలో ఒకావిడ అడిగింది. హెడ్ వెనక పేజీలు తిప్పారు. ఫోస్టర్ ఇల్లు మారింది, తమ్ముణ్ణి వేరే ఊరికి పంపేశారు. ఆ సంగతి స్కూలుకి తెలుసు, పిల్లల బాగోగులు చూసే పాస్టోరల్ టీమ్ దగ్గర నోట్ ఉంది. కానీ ప్రవర్తన చిట్టా ఒక చోట, ఈ నోట్ ఇంకో చోట. పీఈపీ మీటింగ్ ముందుకి జరపలేదు. వర్చువల్ స్కూల్‌కి చెప్పింది చివర్లోనే.

కేర్‌లో ఉన్న పిల్లల్ని పర్మనెంట్‌గా తీసేయడం సాధ్యమైనంతవరకు మానుకోవాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. సస్పెండ్ చేసినా వర్చువల్ స్కూల్ హెడ్‌కి ఆలస్యం లేకుండా చెప్పాలని స్పష్టంగా రాశారు. మామూలు పిల్లలకి ఆరో రోజు నుంచి వేరే చదువు ఏర్పాటు చేయాలి, వీళ్లకి మొదటి రోజు నుంచే చేయాలంటారు. పాపం ఇంట్లో ఉండమంటే ఏ ఇంట్లో ఉంటాడు, ఫోస్టర్ కేరర్ ఉద్యోగం మానుకోవాలి, రెండుసార్లు అలా జరిగితే ఆ ఇల్లూ పోతుంది.

మేం వెనక్కి తీసుకోమన్నాం. స్టాఫ్‌రూంలో మా మీద చాలా కోపం, కుర్చీ దెబ్బ తప్పించుకున్న టీచర్ కోపం న్యాయమే కూడా. ఆ తర్వాత అబ్బాయి బంగారం అయిపోయాడని చెప్పను. ఇయర్ 11 పూర్తి చేశాడు, అంతవరకు తెలుసు. ప్యానెల్ దాకా వచ్చాక మనం అడిగే ప్రశ్న ఆలస్యమైనట్టే, అది నవంబర్‌లోనే ఎవరో ఒకరు అడగాలి. అందుకే టర్మ్‌కొకసారి "కేర్‌లో ఉన్న పిల్లల్లో ఎవరికైనా సస్పెన్షన్, పార్ట్‌టైమ్ టైమ్‌టేబుల్, ఇల్లు మారడం జరిగిందా, జరిగితే మనమేం చేశాం" అని అడిగే లింక్ గవర్నర్ ఒకరుండాలి.

గ్లాస్గో_గోపి · బుధవారం రాత్రి 11:30

మా స్కాట్లాండ్‌లో గవర్నర్లే లేరండీ, పేరెంట్ కౌన్సిల్ ఉంటుంది. వాళ్లకి ఎవరినీ తీసేసే, చేర్చుకునే అధికారం లేదు. మీ కష్టాలు చదివి హాయిగా పడుకుంటున్నా.

హనుమకొండ_టీచరమ్మ · గురువారం సాయంత్రం 5:45

నేను ఇక్కడ జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తాను, తమ్ముడు బ్రిటన్‌లో ఉంటాడు, వాడు ఈ థ్రెడ్ పంపిస్తే చదివాను. మా బడికి దగ్గర్లోని బాలసదనం నుంచి కొందరు అమ్మాయిలు వస్తారు. అందరూ అనాథలు కారు. తల్లి ఉంటుంది, పోషించలేదు, లేదా ఇంట్లో ఉంచితే ప్రమాదమని బాలల సంక్షేమ సమితి ఆర్డరిచ్చి పంపి ఉంటుంది.

మీకు గవర్నర్లున్నట్టే మాకు 2009 విద్యా హక్కు చట్టంతో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలు వచ్చాయి, నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్‌మాస్టర్ కన్వీనర్. పని ఎక్కువగా రిపేర్లు, మరుగుదొడ్లు, నీళ్లు, యూనిఫాంలు. అవన్నీ కావాల్సినవే. కానీ బాలసదనం పిల్లల తరఫున కమిటీలో ఎవరు కూర్చుంటారు? చట్టంలో సంరక్షకులు అన్న మాట ఉంది కదా, హోమ్ సూపరింటెండెంట్‌ని ఎందుకు పిలవకూడదు? నేను చూసినంతలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఒక్కో పిల్లకీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాస్తారు, అందులో చదువు గురించి కూడా ఉంటుంది, మీ పీఈపీకి దగ్గరిదే. అది హోమ్ ఫైల్లో ఉంటుంది. క్లాస్ టీచర్‌గా నేనెప్పుడూ చూడలేదు.

మీ దగ్గర నచ్చింది ఆ డెజిగ్నేటెడ్ టీచర్ సంగతి. మా దగ్గర ఎవరికి జాలి ఉంటే వాళ్లు చూసుకుంటారు, ఆ టీచరు ట్రాన్స్‌ఫర్ అయిపోతే అంతే. టెన్త్‌లో ఒక అమ్మాయి పరీక్ష ఫారం నింపుతూ తండ్రి పేరు దగ్గర ఆగిపోయి నా మొహం చూసింది. పక్కన పదిమంది ఉన్నారు. తర్వాత నింపుదాంలే అని కాగితం తీసుకుని సాయంత్రం హోమ్‌కి వెళ్లి రాయించుకొచ్చాను. ఇప్పుడు వాళ్ల ఫారాలు ముందే నింపి పెట్టుకుంటా.

మిల్టన్‌కీన్స్_పద్మ · గురువారం సాయంత్రం 7:20

టీచరమ్మ గారూ, మీలాంటివాళ్లు ఒక్కరుంటే చాలు పిల్లలకి. కానీ మీరన్నట్టు ఆ ఒక్కరు బదిలీ అయితే మళ్లీ మొదటికే. ఇక్కడైనా కాగితం మీద అన్నీ ఉన్నాయి, మనిషి సరిగ్గా లేకపోతే అదీ అంతే.

బర్మింగ్‌హామ్_లెక్కలాయన · గురువారం రాత్రి 8:05

హోమ్ సూపరింటెండెంట్‌ని కమిటీలోకి పిలవమన్న మాట చాలా బాగుంది. ఇక్కడ కూడా ఫోస్టర్ కేరర్లు పేరెంట్ గవర్నర్‌గా పోటీ చేయొచ్చు, చాలామందికి తెలీదు. విద్యా చట్టంలో పిల్లని చూసుకునే మనిషి కూడా పేరెంట్ కిందే లెక్క. పద్మక్కా, ఆలోచించండి.

కోవెంట్రీ_అమ్మ · గురువారం రాత్రి 10:50

ఎప్పుడూ చదవడమే గానీ రాయను ఇక్కడ. మా పాపని మేం ఇక్కడి కేర్ నుంచి దత్తత తీసుకున్నాం. దత్తత అయిపోయింది కాబట్టి ఇక అందరి పిల్లల్లాగే అనుకుంటారు బడిలో. సుజాత గారు ఒక్క మాటలో చెప్పి వదిలేశారు కాబట్టి కాస్త కలుపుతా. దత్తత పిల్లల సంగతి మేం చెప్తేనే స్కూలుకి తెలుస్తుంది. అక్టోబర్‌లో జరిగే స్కూల్ సెన్సస్‌కి ముందు చెప్తేనే ఆ ప్రీమియం ప్లస్ డబ్బు వస్తుంది, వీళ్లకి నేరుగా స్కూలుకే వస్తుంది, కౌన్సిల్ ద్వారా కాదు. పీఈపీ ఉండదు కాబట్టి దాన్ని ఎలా ఖర్చు పెట్టారో అడిగేవాళ్లు మేం తప్ప ఎవరూ ఉండరు. మన తెలుగువాళ్లలో కొందరు బంధువుల్లో తెలిసిపోతుందని స్కూల్లో కూడా చెప్పరు, నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. వాళ్లని తప్పుపట్టను. చెప్పిన మాట ఎవరి దాకా పోతుందో బడి ముందుగా చెప్పగలిగితే ధైర్యం చేస్తారు. గవర్నర్లు అది అడగండి, అడ్మిషన్ ఫారంలో ఈ ప్రశ్న ఎలా రాశారు, జవాబు ఎవరు చదువుతారు అని.

క్రాయిడన్_కామేశం · శుక్రవారం ఉదయం 7:30

వాసు చెప్పిన నవంబర్ సంగతి రాత్రి మళ్లీ చదివాను. ప్యానెల్‌లో నేను రెండుసార్లు కూర్చున్నాను, ప్రవర్తన చిట్టా పక్కన ఇల్లు మారిన తేదీలు పెట్టి చూడాలన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు. అయినా ఒక్కో గుంపుకి ఒక్కో లింక్ గవర్నర్ పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చదు. పిల్లల భద్రత చూసే సేఫ్‌గార్డింగ్ గవర్నర్‌కే ఇదీ ఇచ్చి, టర్మ్‌కొకసారి అజెండాలో ఖాయంగా పెడితే సరిపోతుంది. పేరు ఎవరిదైతేనేం.

నాటింగ్‌హామ్_వాసు · శుక్రవారం ఉదయం 8:10

దానికి నాకేం అభ్యంతరం లేదన్నా. ఎవరో ఒకరు అడిగితే చాలు.

రెడింగ్_రవి · తర్వాతి గురువారం రాత్రి 9:15

అప్‌డేట్. ఇవాళ మా డెజిగ్నేటెడ్ టీచర్‌ని కలిశాను. ఆవిడే డిప్యూటీ హెడ్, ఆవిడే సేఫ్‌గార్డింగ్, ఆవిడే స్పెషల్ నీడ్స్. ఈ పనికి ప్రత్యేకంగా టైమ్ ఉందా అంటే నవ్వింది. శుక్రవారం మధ్యాహ్నం ఏదైనా మిగిలితే అదేనట.

పీఈపీలన్నీ టైమ్‌కే అయ్యాయి. ఒకటి మాత్రం వర్చువల్ స్కూల్ తిప్పి పంపింది, లక్ష్యాలు స్పష్టంగా లేవని. అది ఆవిడే చెప్పింది, నేను అడగలేదు, అంత నిజాయితీగా మాట్లాడుతుందనుకోలేదు. రిసెప్షన్ సంగతి అడిగితే మాత్రం వాళ్లు ముందే సరిచేశారు, సోషల్ వర్కర్లు బిళ్ల తీసి బ్యాగులో పెట్టుకుని లైబ్రరీ పక్క గదిలో కూర్చోవాలి, పిల్లల్ని భోజనం టైమ్‌లో పిలుస్తారు. డెలిగేటెడ్ అథారిటీ దగ్గర దొరికిపోయారు, ఒక పిల్లకి కాగితం ఉంది, మిగతావాళ్లకి ఉందో లేదో ఆఫీసులో ఎవరికీ తెలీదు. ఇయర్ 5, 6 క్యాంపు వసంతంలో ఉంది కాబట్టి ఈ నెలాఖరుకల్లా తెప్పిస్తానంది.

గవర్నర్ల రిపోర్టు పోయినేడు రాలేదు. ఎందుకంటే ఎవరూ అడగలేదట. వచ్చే మీటింగ్‌లో అజెండాలో పెట్టమని, టైమ్ విషయం కూడా చర్చకి రావాలని చైర్‌కి రాశాను. సగం రోజు ఇవ్వాలంటే డబ్బెక్కడిది అని అంటారని తెలుసు.

బర్మింగ్‌హామ్_లెక్కలాయన · తర్వాతి గురువారం రాత్రి 9:40

అంటారు. టీచర్ టైమ్‌కి పిల్లల ప్రీమియం డబ్బు తీయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం ఒప్పుకోకు. చట్టం చెప్పిన బాధ్యత అది, స్కూలు బడ్జెట్‌లోంచే రావాలి.

మిల్టన్‌కీన్స్_పద్మ · తర్వాతి గురువారం రాత్రి 10:05

రవీ, ఇంకొక్కటి అడుగు బాబూ. ఇయర్ 6లో ఎవరైనా ఉంటే సెకండరీ అప్లికేషన్ ఎవరు నింపుతున్నారు అని. అక్టోబర్ 31 ఆఖరు. కేర్‌లో ఉన్న పిల్లలకి అడ్మిషన్లలో అందరికంటే ముందు చోటివ్వాలి, చాలా మంచి బడుల్లో చోటు దొరుకుతుంది, కానీ ఫారం వేస్తేనే కదా. నేను సోషల్ వర్కర్ వేస్తుందనుకుంటా, ఆవిడ నేను వేశాననుకుంటుంది. బడులు చూడ్డానికి ఓపెన్ ఈవెనింగ్‌లకి ఎవరు తీసుకెళ్లారో కూడా కనుక్కో.

రెడింగ్_రవి · తర్వాతి గురువారం రాత్రి 10:20

ఇది నాకు తట్టనే లేదు అక్కా. ఆవిడకి ఇప్పుడే మెయిల్ పెట్టాను.

లెస్టర్_సుజాత · తర్వాతి గురువారం రాత్రి 10:22

పేర్లు అడగలేదు కదా?

రెడింగ్_రవి · తర్వాతి గురువారం రాత్రి 10:31

లేదు మేడం. "ఇయర్ 6లో ఎవరైనా ఉంటే" అనే రాశాను. అప్పుడే జవాబు కూడా వచ్చింది, రేపు పొద్దున్నే సోషల్ వర్కర్‌కి ఫోన్ చేస్తానంది.